ఆప్షన్స్ సెమినార్‌కి డబ్బులు కట్టాలా వద్దా? ఒక తమ్ముడి ప్రశ్నకి జవాబు

ప్రశ్న: అక్కా, ఆప్షన్స్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైంది. కాల్ అంటే ఫలానా ధరకి కొనే హక్కు, పుట్ అంటే ఫలానా ధరకి అమ్మే హక్కు అని తెలుసు, వీడియోలు చాలా చూశా, పేపర్ ట్రేడింగ్ (డబ్బు పెట్టకుండా ఉత్తుత్తి ట్రేడ్లు) చేస్తున్నా. ఒకసారి లాభం వస్తుంది ఒకసారి నష్టం వస్తుంది, ఎందుకొచ్చిందో మాత్రం అర్థం కాదు. మొన్న ఒక ఫ్రీ వెబినార్‌లో కూర్చున్నా. ఆయనే రెండు రోజుల పెయిడ్ సెమినార్ పెడుతున్నాడు, 90 శాతం విన్ రేట్ ఉన్న స్ట్రాటజీ ఇస్తా, నెలనెలా జీతంలా ఆదాయం వస్తుంది అంటున్నాడు. ఫీజేమో నేను ట్రేడింగ్‌కని పక్కన పెట్టుకున్న డబ్బులో 40 శాతం. కట్టొచ్చా? కట్టకపోతే సొంతంగా నేర్చుకోవడం అయ్యే పనేనా? ఇంకోటి, ముగ్గురం కలిసి ఒక్క సీటు తీసుకుని రికార్డింగ్ పంచుకుందాం అని నా ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటావ్?

జవాబు:

తమ్ముడూ, కట్టొద్దు. కనీసం ఇప్పుడు మాత్రం కట్టొద్దు. సెమినార్లన్నీ మోసమే అని నేను అనను, అలా అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది, ఆ సంగతి తర్వాత చెప్తా. నువ్వున్న స్టేజ్‌లో, నువ్వు చెప్పిన ఫీజుకి, ఆయన చెప్తున్న మాటలకి అయితే వద్దు.

ముందు ఫీజు లెక్క చూడు. నీ దగ్గర 100 ఉందనుకో, 40 ఫీజుకి పోయింది, 60 మిగిలింది. ఆ 60 మళ్ళీ 100 అవ్వాలంటే దాదాపు 67 శాతం లాభం రావాలి, అప్పటికి నువ్వు మొదలెట్టిన చోటికి వచ్చినట్టు, అంతే. ఎవడైనా ఒక్క ట్రేడ్‌లో క్యాపిటల్‌లో 40 శాతం పోగొట్టుకుంటే వాడికి రిస్క్ మేనేజ్‌మెంట్ తెలీదు అని నువ్వే అంటావ్, అదే 40 శాతం ఫీజు కింద కట్టేస్తే మాత్రం అది చదువు మీద పెట్టిన ఖర్చు అనిపిస్తుంది, పైగా దీనికి స్టాప్ లాస్ (నష్టం ఇంత దాటితే బయటపడే ఏర్పాటు) కూడా ఉండదు. ఇంకో చిక్కు ఏంటంటే క్యాపిటల్ తగ్గినవాడు తగ్గట్టుగా చిన్న ట్రేడ్లు వెయ్యడు. ఫీజు రాబట్టుకోవాలన్న తొందర ఒకటి నెత్తి మీద కూర్చుంటుంది కదా, ఒక లాట్ (ఒకసారికి ట్రేడ్ చేసే కనీస సంఖ్య) వెయ్యాల్సిన చోట మూడు వేస్తాడు.

ఇక ఆ 90 శాతం. అది అబద్ధమే అవ్వాలని లేదు తమ్ముడూ, నిజమే అయ్యుండొచ్చు, తమాషా అంతా అక్కడే ఉంది. లెక్క చూడు. ఒక స్టాక్ 100 దగ్గర ఉంది. నువ్వు 90 స్ట్రైక్ (హక్కు వర్తించే ధర) ఉన్న పుట్ అమ్మి, పెద్ద నష్టం రాకుండా 85 పుట్ కొనుక్కున్నావ్, దీన్నే స్ప్రెడ్ అంటారు, నికరంగా 0.50 ప్రీమియం (ఆప్షన్ ధర) చేతికొచ్చింది. ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తీరే) రోజున స్టాక్ 90 పైన ఉంటే ఆ 0.50 నీదే. 85 కిందకి పోతే 5 నష్టంలో 0.50 తీసేస్తే 4.50 నీ జేబులోంచి పోతుంది. ఇలా 100 సార్లు చేశావ్, 90 సార్లు గెలిచి 10 సార్లు పూర్తిగా ఓడిపోయావ్ అనుకో, వచ్చింది 45, పోయింది 45. సున్నా. బ్రోకరేజీ, టాక్సులు కలిపితే మైనస్. 88 సార్లు గెలిస్తే? వచ్చింది 44, పోయింది 54. నూటికి 88 సార్లు గెలిచి నష్టపోయావన్నమాట, నీ విన్ రేట్ స్క్రీన్‌షాట్ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. అందుకే విన్ రేట్ ఎంత అని అడగడం కంటే గెలిచినప్పుడు ఎంత వస్తుంది, ఓడినప్పుడు ఎంత పోతుంది అని అడగాలి. ఆయన వెబినార్‌లో ఈ రెండో ముక్క చెప్పాడేమో గుర్తు తెచ్చుకో, చెప్పి ఉండడు అని నా అనుమానం.

జీతంలా ఆదాయం అన్న మాట కూడా దీంట్లోంచే పుట్టింది. ఆప్షన్స్ అమ్మేవాళ్ళకి చాలా నెలలు చిన్న చిన్న లాభాలు వస్తూనే ఉంటాయి, అదంతా చూసి ఇది జీతమే అనిపిస్తుంది, ఎప్పుడో ఒక నెల వచ్చి ఏడాదిది మొత్తం పట్టుకుపోతుంది. 2018 ఫిబ్రవరి 5న అమెరికాలో విక్స్ అనే వోలటాలిటీ (మార్కెట్ ఊగిసలాట) ఇండెక్స్ ఒక్కరోజులో 17 దగ్గర్నుంచి 37కి లేచింది. మార్కెట్ ప్రశాంతంగానే ఉంటుంది అని పందెం కాసే ఒక పాపులర్ ప్రోడక్ట్ ఆ దెబ్బకి 90 శాతం పైగా విలువ పోగొట్టుకుని కొద్ది రోజుల్లోనే మూతపడింది. అదే ఏడాది నవంబర్‌లో నేచురల్ గ్యాస్ ధర ఒక్కసారిగా ఎగిరితే, ఆప్షన్స్ అమ్మి సంపాదించడం ఎలా అని పుస్తకం రాసిన ఒక మేనేజర్, క్లయింట్ల డబ్బుతో అదే పని చేస్తున్నవాడు, వాళ్ళ అకౌంట్లన్నీ ఊడ్చిపెట్టేశాడు. తర్వాత వీడియో పెట్టి కన్నీళ్ళతో క్షమాపణ చెప్పాడు. కొందరు క్లయింట్లకి పెట్టిందంతా పోవడమే కాదు, బ్రోకర్‌కి ఎదురు బాకీ కూడా తేలింది. అంటే పుస్తకం రాసేంత తెలిసినవాడే అక్కడ నిలబడలేకపోయాడు, ఇక రెండు రోజుల క్లాస్‌లో మనకేం పట్టుబడుతుందో నువ్వే ఆలోచించు.

సెమినార్‌లో నిజానికి ఏం అమ్ముతారో చూద్దాం. ఒకటి బేసిక్స్: స్ట్రైక్, ప్రీమియం, ఎక్స్‌పైరీ, డెల్టా (స్టాక్ కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుంది), థీటా (రోజు గడిస్తే ఎంత కరుగుతుంది), స్ప్రెడ్లు. ఇవి నిజంగా నేర్చుకోవాల్సినవే, కాకపోతే ఎక్కడ చూసినా ఫ్రీగా దొరుకుతాయి. రెండోది ఎవరికీ తెలియని స్ట్రాటజీ. అది నిజంగా పనిచేస్తే, హాలు నిండా జనానికి చెప్పాక కూడా పనిచేస్తుందా? వందల మంది ఒకే టైమ్‌కి ఒకే స్ట్రైక్ మీద పడితే ధర అక్కడ ఆగుతుందా? మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఒక ట్రేడ్‌లో ఎంత పెట్టాలి, పొజిషన్ ఎదురు తిరిగితే చెయ్యి వణకకుండా ఎక్కడ బయటికి రావాలి, వరసగా నాలుగు ఓడిపోయాక ఐదోది ఎలా వెయ్యాలి. ఇది డబ్బులిస్తే దొరికేది కాదు, స్లైడ్స్‌లో పెట్టగలిగేది అంతకన్నా కాదు. ఇలా ఫ్రీగా దొరికేదాన్ని, అసలు ఉందో లేదో తెలీనిదాన్ని కలిపి ప్యాకేజీ కట్టి, కావాల్సినదాన్ని మాత్రం చివరి అరగంటలో "సైకాలజీ" అని ఒక టాపిక్ పెట్టి ముగించేస్తారు.

ట్రేడింగ్ నేర్పిస్తే వస్తుందా రాదా అన్న ప్రశ్న మీద పాత కథ ఒకటుంది, ఇక్కడ బాగా పనికొస్తుంది. 1983లో షికాగోలో రిచర్డ్ డెన్నిస్ అనే పెద్ద ఫ్యూచర్స్ ట్రేడర్ ట్రేడింగ్ ఎవరికైనా నేర్పించొచ్చు అన్నాడు, ఆయన పార్ట్‌నర్ విలియం ఎక్‌హార్ట్ కుదరదు అన్నాడు. తేల్చుకోవడానికి పేపర్లో ప్రకటన ఇచ్చి కొంతమందిని ఎంచుకుని రెండు వారాలు నేర్పించారు, వాళ్ళనే టర్టిల్స్ అన్నారు. వాళ్ళలో చాలామంది బాగానే సంపాదించారు కూడా. సెమినార్ వాళ్ళు కథని ఇక్కడి దాకే చెప్తారు, చూశారా నేర్పిస్తే వస్తుంది అని. మిగతాది ఏంటంటే డెన్నిస్ వాళ్ళ దగ్గర ఫీజు తీసుకోలేదు, నేర్పించాక తన సొంత డబ్బే వాళ్ళ చేతికిచ్చి ట్రేడ్ చేయించి లాభంలో వాటా ఇచ్చాడు. తను నేర్పిన దాని మీద అంత నమ్మకం ఉన్నవాడు చేసే పని అది. నీ వెబినార్ ఆయన నీ డబ్బు తీసుకుంటున్నాడు, నువ్వు గెలిచినా ఓడినా ఆయనకి వచ్చేదాంట్లో తేడా ఉండదు.

సక్సెస్ అయిన స్టూడెంట్ల వీడియోలు చూపించాడా? చూపించే ఉంటాడు. ఒక వెయ్యి మంది ఏమీ తెలియకుండా బొమ్మా బొరుసూ వేసినట్టు ట్రేడ్ చేశారనుకో. మొదటి నెల 500 మంది లాభంలో ఉంటారు, రెండో నెల 250, అలా ఐదో నెలకి వరసగా ఐదు నెలలూ లాభం చూసినవాళ్ళు ఇంకా 31 మంది దాకా మిగులుతారు, కేవలం అదృష్టం మీద. ఆ 31 మందిని స్టేజీ ఎక్కిస్తే చాలు, అరచేతిలో వైకుంఠం కనిపిస్తుంది. వాళ్ళు అబద్ధం చెప్పరు, నిజంగానే సంపాదించారు. మిగతా 969 మందిని ఎవరూ మైక్ ముందుకి పిలవరు.

అంకెలు కూడా చూడు. మార్కెట్ రెగ్యులేటర్ సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన స్టడీ ప్రకారం ఇండియాలో 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ చేసిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, నష్టపోయినవాళ్ళలో నూటికి 75 మంది పైగా అయినా సరే ట్రేడింగ్ ఆపలేదు. బ్రెజిల్‌లో ఇండెక్స్ ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్ళ మీద చేసిన ఒక రీసెర్చ్‌లో, 300 రోజులకి పైగా వదలకుండా చేసినవాళ్ళలో కూడా 97 శాతం మందికి నష్టమే వచ్చింది. అంటే ఊరికే ఎక్కువ రోజులు చేసినంత మాత్రాన అలవాటై వచ్చేస్తుంది అన్నది కూడా నిజం కాదు. ఇవి చూసి నువ్వు భయపడి మానెయ్యాలని కాదు నేను చెప్పేది, ఇలాంటి చోట ఎవరైనా గ్యారంటీ అనే మాట వాడితే నీకు వెంటనే ఒళ్ళు జలదరించాలి, అంతే.

ఫ్రీ వెబినార్, అక్కణ్ణుంచి పెయిడ్ క్లాస్, అక్కడ కూర్చున్నాక ఇంకా ఖరీదైన "అడ్వాన్స్‌డ్" కోర్సు, ఈ మెట్ల పద్ధతి కొత్తదేం కాదు. 2020లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఎఫ్‌టీసీ ఇలాంటి మెట్ల పద్ధతిలో కోర్సులు అమ్మే ఒక పెద్ద ట్రేడింగ్ ట్రైనింగ్ సంస్థ మీద కేసు వేసింది, వాళ్ళ కోర్సుల ఫీజు 50,000 డాలర్ల దాకా వెళ్ళింది, సంపాదన గురించి చెప్పిన మాటలకి ఆధారం లేదని, అసంతృప్తి ఉన్న స్టూడెంట్లు చెడ్డ రివ్యూలు రాయకుండా అగ్రిమెంట్‌లో కట్టడి పెట్టారని కూడా ఆరోపించింది, అదే ఏడాది రాజీ కుదిరింది. కాబట్టి ఈ రెండు రోజుల ఫీజే ఆఖరి ఫీజు అనుకోకు. రెండో రోజు సాయంత్రం అసలు సరుకు బయటికి తీస్తారు.

సొంతంగా నేర్చుకోవడం అయ్యే పనేనా అన్నావ్. అవుతుంది, కానీ వీడియోలు చూస్తూ పోతే కాదు, నీకు లాభం ఎందుకొచ్చిందో నష్టం ఎందుకొచ్చిందో అర్థం కాకపోవడానికి కారణమే అది. బేసిక్స్ కోసం ఎక్స్ఛేంజీల సొంత మెటీరియల్ చదువు. షికాగోలో ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్ సీబీఓఈ 1973లో మొదలైంది, వాళ్ళు 1985 నుంచి ఆప్షన్స్ ఇన్‌స్టిట్యూట్ అని నడుపుతున్నారు, ఆప్షన్స్ ఇండస్ట్రీ కౌన్సిల్ అని 1992 నుంచి ఇంకోటి ఉంది, నువ్వు ఎక్కడున్నా ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి. రిస్క్ డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ అని అకౌంట్ తెరిచేటప్పుడు చూపిస్తారే, అందరం ఐ అగ్రీ నొక్కేసి వదిలేసేది, అది ఒకసారి కూర్చుని చదువు. బోర్ కొడుతుంది, ఒప్పుకుంటా, కానీ సెమినార్‌లో చెప్పని విషయాలు దాంట్లోనే ఉంటాయి.

తర్వాత ఈ పని చెయ్, నా మాట విను, ఇది రెండు రోజుల క్లాస్ కంటే ఎక్కువ నేర్పిస్తుంది. బాగా ట్రేడ్ అయ్యే ఒక్క ఇండెక్స్‌నో స్టాక్‌నో పట్టుకో. నెల దాకా టైమ్ ఉన్న ఎక్స్‌పైరీలో ఒక ఏటీఎం కాల్ (స్ట్రైక్ స్టాక్ ధర దగ్గరే ఉన్నది), ఒక దూరపు ఓటీఎం కాల్ (స్ట్రైక్ స్టాక్ ధర ఇంకా చేరనిది), అలాగే రెండు పుట్లు ఎంచుకో. కొనకు, అమ్మకు. రోజూ ఒకే టైమ్‌కి స్టాక్ ధర, ఆ నాలుగింటి బిడ్ (కొనేవాళ్ళు ఇస్తామనే ధర), ఆస్క్ (అమ్మేవాళ్ళు అడిగే ధర), ఇంప్లైడ్ వోలటాలిటీ (ముందు ముందు స్టాక్ ఎంత ఊగుతుందని ప్రీమియంలో ఉన్న అంచనా, షార్ట్‌గా ఐవీ) ఒక షీట్‌లో రాసుకో, ఎక్స్‌పైరీ దాకా. స్టాక్ కదలకుండా కూర్చున్న రోజు ప్రీమియం ఎంత కరిగిందో నీ చేత్తోనే రాస్తావ్. సుమారు లెక్కలో చెప్పాలంటే, స్టాక్, ఐవీ కదలకుండా ఉంటే 30 రోజులున్న ఏటీఎం ఆప్షన్‌లో మొదటి 15 రోజుల్లో పోయేది 29 శాతమే, మిగతా 71 శాతం చివరి 15 రోజుల్లో పోతుంది. ఇది పుస్తకంలో చదివితే ఒక గ్రాఫ్, షీట్‌లో చూస్తే గుండెలో దిగుతుంది. మధ్యలో ఏదైనా కంపెనీ రిజల్ట్స్ ఉంటే ఇంకా మంచిది. రిజల్ట్స్ ముందు ఐవీ పెరిగి, రిజల్ట్స్ రాగానే కుప్పకూలుతుంది, స్టాక్ పెరిగినా కాల్ ధర తగ్గిపోవచ్చు. నువ్వు డైరెక్షన్ కరెక్ట్‌గా చెప్పి కూడా పేపర్ ట్రేడ్‌లో నష్టపోయినవి కొన్ని ఉంటాయి చూడు, వాటిలో సగానికి జవాబు ఇక్కడే దొరుకుతుందని నా అంచనా.

పేపర్ ట్రేడింగ్ ఎలా చేస్తున్నావో రాయలేదు నువ్వు. లాస్ట్ ప్రైస్‌కి కొన్నట్టు, లాస్ట్ ప్రైస్‌కి అమ్మినట్టు రాసుకుంటున్నావా? అలా అయితే అది నీకు నువ్వు చెప్పుకునే కథ. బిడ్ 1.90, ఆస్క్ 2.10 ఉంటే కొనడం 2.10కి, అమ్మడం 1.90కి రాసుకో. మార్కెట్ కదలకుండానే దాదాపు 10 శాతం పోయిందా లేదా? దూరపు స్ట్రైకుల్లో ఈ తేడా ఇంకా ఘోరం. ప్రతి ట్రేడ్ పక్కన ఎందుకు వేశాను, ఎక్కడ తప్పని ఒప్పుకుంటాను అని ముందే ఒక లైన్ రాయి, తర్వాత రాసేవి ఎవరైనా రాస్తారు. ఇలా కొంతకాలం చేశాక, పోయినా నిద్ర చెడని మొత్తంతో, గరిష్ట నష్టం ఎంతో ముందే తెలిసే పొజిషన్లతో ఒక్కో లాట్ మొదలుపెట్టు. హెడ్జ్ (నష్టానికి అడ్డుకట్టగా ఇంకోటి కొనుక్కోవడం) లేకుండా ఆప్షన్ అమ్మడం జోలికి మాత్రం పోకు.

ఇప్పుడు సెమినార్లన్నీ మోసం అనేవాళ్ళ సంగతి. అది కూడా తప్పే. ఇంగ్లీష్ పీడీఎఫ్ ముందు పెట్టుకుంటే నాలుగో పేజీకి నిద్రొచ్చేవాళ్ళున్నారు, డౌట్ వస్తే అడగడానికి మనిషి కావాల్సినవాళ్ళున్నారు, వాళ్ళకి ఒక వరసలో నేర్పించే టీచర్ ఉంటే టైమ్ కలిసొస్తుంది, దానికి సరిపడా ఫీజు అడగడం తప్పేం కాదు. నీ షీటు, నీ ట్రేడ్ల రికార్డు చేతిలో ఉండి, "రిజల్ట్స్ ముందు స్ప్రెడ్లలో నేనెందుకు ఓడిపోతున్నాను" లాంటి ఒక ఫలానా ప్రశ్న నీ దగ్గర ఉన్న రోజు, ఆ ఒక్క విషయం మీదే చెప్పే క్లాస్‌కి, నీ క్యాపిటల్‌లో రెండు మూడు శాతం దాటని ఫీజు కట్టి వెళ్ళు, నేనే వెళ్ళమంటా. నీ రికార్డు కూర్చుని చూసి తప్పులు చెప్పే మనిషి దొరికితే హాలు నిండా సెమినార్ కంటే అదే మేలు.

ఆయన్నే నమ్మాలనిపిస్తుంటే, కట్టే ముందు మెయిల్‌లో అడుగు, ఫోన్‌లో వద్దు. స్క్రీన్‌షాట్ కాకుండా, నష్టం వచ్చిన నెలలు కూడా కలిపి, పూర్తి ఏడాదిది బ్రోకర్ ఇచ్చే స్టేట్‌మెంట్ చూపిస్తారా అని (వెబ్ పేజీలో అంకెలు మార్చి ఫోటో తియ్యడం నిమిషం పని). ఈ స్ట్రాటజీలో ఇప్పటిదాకా వచ్చిన అతి పెద్ద నష్టం ఎంత అని. మీ లింక్‌తో బ్రోకర్ దగ్గర అకౌంట్ తెరిస్తే మీకు కమీషన్ వస్తుందా అని, ఎందుకంటే అలా వచ్చేవాడికి నువ్వు ఎంత ఎక్కువ ట్రేడ్ చేస్తే అంత లాభం. నచ్చకపోతే డబ్బు తిరిగిస్తారా, ఎన్ని రోజుల్లో, రాతపూర్వకంగా ఉందా అని. సలహాలు ఇస్తా, కాల్స్ (ఏది కొనాలో ఏది అమ్మాలో టిప్స్) ఇస్తా అంటుంటే మీ రెగ్యులేటర్ వెబ్‌సైట్‌లో ఆయన పేరు రిజిస్టర్ అయి ఉందేమో నువ్వే వెతుక్కో, ఆయన పంపిన సర్టిఫికెట్ ఫోటో లెక్కలోకి రాదు. జవాబు బదులు "సీట్లు రెండే మిగిలాయి" అని మెసేజ్ వస్తే ఇక ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ఇక మీ ఫ్రెండ్ ఐడియా. ముగ్గురూ పంచుకుంటే ఫీజు మూడో వంతు అవుతుంది నిజమే, కానీ సెమినార్‌కి ఎంతో కొంత విలువ ఉందంటే అది అక్కడ కూర్చుని డౌట్ అడగగలగడంలోనే ఉంది, రికార్డింగ్‌లో అది ఉండదు, మిగిలేది ఇంకో వీడియో, అవి నీ దగ్గర ఆల్రెడీ బోలెడున్నాయి. పైగా ఇలాంటి వాళ్ళు రికార్డ్ చేసి పంచుకోకూడదు అని అగ్రిమెంట్‌లో రాసుకోవడం మామూలే, సంతకం పెట్టేది ఒకడైతే దొరికినప్పుడు ఇరుక్కునేది కూడా వాడొక్కడే. దానికి బదులు ముగ్గురూ తలొక స్టాక్ తీసుకుని పైన చెప్పిన షీట్ నెల రోజులు రాయండి, వారానికోసారి కూర్చుని ఒకళ్ళది ఒకళ్ళు తప్పులు పట్టండి. ఆ షీట్లు పూర్తయ్యాక కూడా సెమినార్‌కి వెళ్ళాలనిపిస్తే మళ్ళీ రాయి, అప్పుడు ఏ క్లాస్, ఎంత ఫీజు అన్నది చూద్దాం.